పై వంటిల్లు

ఫాల్ రివర్,
ఫిబ్రవరి 6, 1994

బెల్మీరా వదినకి,

మీ దీవెన అడుగుతూ మీ తమ్ముడి భార్య ఒడీలియా. ఫోనులో ఎంత అరిచినా మీ చెవికి ఎక్కదు, అరిచే ఓపిక నాకూ లేదు. అందుకని ఉత్తరం.

మీ తమ్ముడి నెల పూజ నిన్న అయింది. చర్చి నిండా జనం వచ్చారు. తర్వాత ఇంటికొచ్చిన వాళ్ళకి కాఫీ, తీపి రొట్టె పెట్టాను. అందరిదీ ఒకటే మాట. "ఏడవ్వే తల్లీ, ఏడిస్తే గుండె తేలికపడుతుంది." నాకు ఏడుపు రావడం లేదు వదినా. దుఃఖం లేదని కాదు, ఉందని కూడా చెప్పలేను. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనిషినంతా అలా ఉన్నాను. తుంటి నొప్పితో రాలేకపోయానని మీరు బాధపడకండి. వచ్చినా నన్నే చూసేవారు, నాలో చూడ్డానికి ఏమీ లేదు.

ఎలా పోయారని అడిగారు. టైల్స్ కొట్టు ముందు వ్యాను ఆపారు, ఇంజను కట్టేశారు, తాళాలు జేబులో వేసుకున్నారు, అంతే. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నారని కొట్టువాడు అనుకున్నాడట.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇళ్ళు బాగుచేసే కాంట్రాక్టరు లైసెన్సు ఆయన పేరు మీద ఉండేది కదా. మనిషి పోతే ఆ మనిషితోపాటే లైసెన్సూ పోతుందట. ఇదాలినా పషేకో గారింట్లో పై వంటిల్లు సగంలో ఆగిపోయింది. పాత అలమారాలు పీకి కొత్తవి బిగించారు గానీ గోడలకీ నేలకీ టైల్స్ పడలేదు. ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి, పని ఆపాలని కిటికీ అద్దానికి కాగితం అంటించి పోయాడు. ఆవిడకి పస్తులేం లేవు. మన దేశంనుంచి వచ్చిన ఆడవాళ్ళందరిలాగే ఆవిడా వండేది కింద నేలమాళిగలో. పై వంటిల్లు చూపుకే, ఆ పొయ్యి మీద పాలు కూడా కాచరు. కానీ ఈసారి పవిత్రాత్మ పండుగకి ముందు వారానికో ఇంట్లో ఉంచే చర్చి కిరీటాన్ని ఆఖరి వారం వాళ్ళింట్లో ఉంచాలని చీటీ వచ్చింది. ఊరు ఊరంతా మెట్లెక్కి దణ్ణం పెట్టుకోడానికి వస్తుంది. వంటిల్లు బోసినోరుతో కనిపిస్తే ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది? వాళ్ళబ్బాయి ఇంకో కాంట్రాక్టరుని పిలుస్తానంటున్నాడు. ఈస్టరు దాటనివ్వమని బతిమాలాను.

ఆయన మొదలుపెట్టిన ఆఖరి పని అది. ఎవడో వచ్చి దాన్ని ముగించడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో ఎవరో ఒకరు లైసెన్సు తీసుకోవాలి. దాని గురించే ఆలోచిస్తున్నాను.

లౌరెన్యు అన్నయ్యకి నమస్కారాలు.

ఒడీలియా


టులేర్,
ఫిబ్రవరి 17

ఒడీలియా,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నాకు ఇక్కడ కంట్లో నీరు ఆగడం లేదు, నువ్వేమో ఏడుపు రావడం లేదని రాస్తావు. పోనీలే, ఒక్కొక్కరి కన్ను ఒక్కో రకం. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ఏడ్చిన ఏడుపుకి పక్క ఊళ్ళో కుక్కలు లేచి మొరిగాయి. మాది ఆ వంశం.

ఇంట్లో ఎవరో ఒకరు లైసెన్సు తీసుకోవాలన్నావు. నీ మనసులో మాట నాకు తెలిసిపోయింది. నోరు తెరిచి అడగలేక అలా రాశావు. మా హొరాసియోని పంపిస్తాను. మేనమామ పని మేనల్లుడు అందుకోకపోతే ఎవడు అందుకుంటాడు? వాడికి ఆవుల దగ్గర మనసు నిలవడం లేదు, పాలు పితకమంటే ఆవుతో కబుర్లు చెబుతూ కూర్చుంటాడు. "వాడికి సుత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?" అంటాడు మీ అన్నయ్య. నేర్చుకుంటాడు. నా తమ్ముడు మాత్రం తాపీ పట్టుకుని పుట్టాడా?

కానీ వాడి పనితనం మాత్రం ఇంకొకరికి రాదులే. ఆరేళ్ళ కింద నేను ఆపరేషనయి ఆసుపత్రిలో ఉంటే మీరిద్దరూ ఇల్లు చూడ్డానికి వచ్చారు కదా. ఇంటికొచ్చి స్నానాలగది తలుపు తీస్తే ఏముంది, నాలుగు గోడలూ నీలం టైల్స్! మూలల్లో కూడా పువ్వు విరగకుండా రేకుకి రేకు కలిపాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ముందు ఆ గది చూపించాకే కుర్చీ వేస్తాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ గోడ మీద చెయ్యి ఆనించి వాడితో నాలుగు మాటలు చెప్పుకుంటున్నాను. వాడి చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. మీ అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయట తలుపు కొడుతుంటాడు. కొట్టనీ.

నల్లబట్టలే కడుతున్నావు కదా? ఈ కాలం వాళ్ళు ఏడాది కూడా ఆగడం లేదని విన్నాను.

మీ వదిన


ఫాల్ రివర్,
మార్చి 1

వదినా,

దీవించండి. మీ ఉత్తరం అందింది. ఇక్కడ మంచు తగ్గలేదు. వాకిలి తవ్వుకోవడంతోనే పొద్దు గడిచిపోతోంది, అది మంచిదే.

లైసెన్సు పరీక్షకి మంగళవారం సాయంత్రాలు క్లాసులు చెబుతున్నారు. పుస్తకం కొన్నాను. మెట్టు ఎంత ఎత్తుండాలి, కటకటాల మధ్య సందు ఎంతుండాలి, పడగ్గది కిటికీలోంచి మనిషి దూకి బయటపడేంత చోటుండాలా, అన్నీ ఉన్నాయి అందులో. పసిపిల్ల తల దూరనంత సందే ఉండాలట. ఎక్కడో ఒక పిల్ల తల ఇరుక్కుని ఉంటుంది, అందుకే ఆ రూలు పుట్టి ఉంటుంది. ప్రతి రూలు వెనకా ఎవరో ఒకరు పోయి ఉంటారనిపిస్తోంది చదువుతుంటే. అయినా నిద్ర బాగా పడుతోంది.

ఇదాలినా గారు చర్చిలో కనిపించి, "మరి నా వంటిల్లు?" అన్నారు. "చూస్తున్నానండీ" అన్నాను.

ఒడీలియా


టులేర్,
మార్చి 10

ఒడీలియా,

హొరాసియో సంగతి నువ్వేమీ రాయలేదు. మౌనం అర్ధాంగీకారం. వాడికోసం ముందే పుస్తకం కొని ఉంచావని చెబితే ఎంత సంతోషించాడో. మీ చలికి తగ్గ ఉన్నికోటు, బూట్లు కొన్నాను. ఆ కోటు వేసుకుని దొడ్లోకి వెళితే ఆవులు వాణ్ణి గుర్తుపట్టక బెదిరాయి. ఈస్టరు కాగానే బస్సెక్కిస్తాను.

ఇప్పుడు ఇంకో మాట. రాయకూడదనే అనుకున్నాను, కానీ కడుపులో ఉంచుకుంటే అరగదు. మీ వీధిలో ఉండే మన లుసిందా ఉత్తరం రాసింది. మంగళవారం సాయంత్రం నా తమ్ముడి వ్యానులో టోపీ పెట్టుకుని ఎవడో మగవాడు పోతున్నాడట. ఒకసారి కాదు, వారం వారం. తమ్ముడి కోటే వాడి ఒంటి మీద ఉందట! మనిషి పోయి మూడు నెలలైనా తిరగలేదు. నిన్ను ఏమీ అనను, నువ్వు వయసులో ఉన్న పిల్లవేం కాదు. కానీ నా తమ్ముడి కోటు ఇంకొకడికి ఇచ్చే ముందు నాకొక మాట రాస్తే నేనే తెప్పించుకుందును. ఇక్కడ కనీసం కావలించుకుని పడుకుందును.

వాడెవడో రాయి.

బెల్మీరా


ఫాల్ రివర్,
మార్చి 17

వదినా,

దీవించండి. ఆ మగవాడు నేనే.

టోపీ ఆయనది, కోటూ ఆయనదే. వ్యాను హీటరు పనిచెయ్యదు, నా కోటు పలచన. క్లాసుకి వెళ్ళేది నేను, పుస్తకం కొన్నది నాకు. ముందు ఉత్తరంలో సరిగ్గా రాయలేదు కాబోలు. ఈమధ్య ఏది చెప్పానో, ఏది మనసులోనే అనుకున్నానో తేడా తెలియడం లేదు.

క్లాసులో నేనొక్కదాన్నే ఆడమనిషిని. మొదటిరోజు ఒకడు, "వంట క్లాసు పక్కగదిలో అమ్మా" అన్నాడు. "వంట అయ్యాకే వచ్చానయ్యా" అన్నాను. అందరూ నవ్వారు. పాఠం చెప్పేది కీఫ్ అనే ముసలాయన, ఒకప్పుడు ఆయనా ఇన్‌స్పెక్టరే. మన నేలమాళిగ వంటిళ్ళ సంగతి ఆయనకి బాగా తెలుసు. "మీ వాళ్ళిళ్ళకి తనిఖీకి వెళితే, అనుమతి లేని వంటిల్లు బయటపడుతుందని కిందికి దిగనిచ్చేవారు కాదు. కిందినుంచి పులుసు వాసన వస్తుంటే, పైన తళతళలాడే పొయ్యి చూపించి దీనిమీదే వండామనేవారు" అన్నాడు. క్లాసంతా నా వైపు చూసింది. నేనూ నవ్వాను, నవ్వాల్సిన చోట కదా అని.

హొరాసియోని పంపకండి. మంచి పిల్లాడే, కానీ వాడు నేర్చుకునేదాకా పషేకో గారి వంటిల్లు ఆగదు. నాకు కూడా మనిషికి వండిపెట్టి, పక్క వేసి, పలకరించే ఓపిక లేదు. కోటు వాడి దగ్గరే ఉంచండి.

ఒడీలియా


టులేర్,
మార్చి 25

ఒడీలియా,

కోటు వేసుకుని నిలబడ్డ నా కొడుకుతో, "మీ అత్త నిన్ను వద్దంది రా" అని నా నోటితో చెప్పించావు.

సరే. వాడు వద్దు, మేమూ వద్దు. కానీ ఒక్కటి అడుగుతాను. చిట్టాపద్దులు చూసుకున్నదానివి, ఫోనులు ఎత్తినదానివి, మధ్యాహ్నం బుట్టలో అన్నం మోసినదానివి. ఇప్పుడు ఇంకొకరి నేల మీద మోకాళ్ళేసి పాకుతావా? క్యాబేజీ తరిగే చేత్తో గోడకి టైల్ పెడతావా? టైల్ అంటే స్టాంపు అంటించడం అనుకున్నావా? నా గోడ చూసి కూడా ఆ ధైర్యం ఎలా వచ్చింది నీకు?

నా తమ్ముడి పేరు నిలబెట్టలేకపోతే మానె. చెడగొట్టకు.

బెల్మీరా


ఫాల్ రివర్,
ఏప్రిల్ 5

వదినా,

దీవించండి. ఈస్టరు అయింది. పిండిలో గుడ్లు పెట్టి రొట్టె కాల్చాను, ఒక్కదాన్నే కదా, సగం పక్కవాళ్ళకిచ్చాను.

ఈ ఉత్తరం రాయడానికి చాలా రోజులు పట్టింది. చదివాక మీకు కోపం వస్తుంది. రానివ్వండి.

నన్ను పరీక్షకి కూర్చోనిస్తారు. కానీ లైసెన్సు చేతికివ్వాలంటే నేను నిజంగా పని చేసినదాన్నని ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. యజమాని చెప్పాలి, ఆయన లేరు. లేదా పని చేయించుకున్న ఇంటివాళ్ళు, నేను చేశానని తెలిసినవాళ్ళు సంతకం పెట్టాలి. మన వాళ్ళ తలుపులు తట్టాను. "నువ్వు అన్నం బుట్ట తెచ్చేదానివి కదమ్మా!" అన్నారు. అబద్ధం కాదు, తెచ్చేదాన్ని. ఆ ఇంటి ఆడా మగా మిల్లుకి పోయాక తలుపు గడియ పెట్టుకుని, బుట్ట అడుగునుంచి మోకాళ్ళ పట్టీలు తీసి, టైల్స్ వేసేది నేనే. అలమారాలు, పైపులు, తలుపులు ఆయనవి. టైల్స్ ముట్టుకుంటే ఆయనకి చిరాకు, విసిరి పారేసేవారు. రసమట్టం పెట్టి చూసే ఓర్పు ఆయనకి లేదు. నాకుంది. పెళ్ళాన్ని నేల మీద పాకిస్తున్నాడని క్లబ్బులో మగవాళ్ళు నవ్వుతారని ఆయన భయం. ఇంటివాళ్ళు మిల్లునుంచి వచ్చేసరికి నేను బుట్టతో వీధిలో ఉండేదాన్ని.

నాకేం కష్టంగా ఉండేది కాదు. ఎవరైనా "నార్బెర్టో చెయ్యి బంగారం" అంటే ఇంటికొచ్చి ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్ళం. సిమెంటు తిని నా వేళ్ళు పగిలితే ఆలివ్ నూనె రాసేవారు. "ఈ చెయ్యి నాదని ఊరంతా అంటోంది, మరి నూనె నేనే రాసుకోవాలిగా" అనేవారు.

మీ నీలం గోడలు కూడా నేనే వేశాను వదినా.

పువ్వు మూల దగ్గర విరక్కుండా ఉండాలని టైల్స్ ముందు నేల మీద పరుచుకుని చూసుకున్నాను. ఆయన, లౌరెన్యు అన్నయ్య ఆ రోజు ఎద్దుల ఆట చూడ్డానికి పోయారు. అన్నయ్య తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి నన్ను చూశారు. ఎవరికీ చెప్పొద్దని మీ తమ్ముడు అన్నయ్య దగ్గర మాట తీసుకున్నారు. అడగండి.

మీరు రోజూ పొద్దున ఆ గోడ మీద చెయ్యి పెడుతున్నానని రాయకపోతే ఈ మాట ఎప్పుడో అడిగేసేదాన్ని. అది చదివాక మానుకున్నాను. నా గురించి తెలిసిన ఇల్లు మీదొక్కటే. మీరు సంతకం పెడితే లైసెన్సు వస్తుంది. పెట్టకపోతే ఇంకోసారి అడగను, వేరే మనిషిని పిలుచుకోమని ఇదాలినా గారికి చెప్పేస్తాను. నన్ను తిట్టినా నాకు తగలదు. ఇప్పుడు నాకు ఏదీ తగలడం లేదు. ఇంట్లో మిగిలిపోయిన ఒక టైల్‌ని తడిపి పట్టుకుంటే మాత్రం చల్లగా ఉందని తెలుస్తోంది. ఈ పని కావాలని అడుగుతున్నది అందుకే. ఇంకే కారణమూ లేదు.

ఒడీలియా


టులేర్,
ఏప్రిల్ 20

ఒడీలియా,

నీ ఉత్తరం వచ్చిన రోజునుంచి ఆ గదిలోకి వెళ్ళలేదు. పాలదొడ్లో గొట్టం కింద స్నానం చేశాను. తుంటి నొప్పితో, ఆవుల మధ్య, ఈ వయసులో. అదీ నీ పుణ్యమే.

మొదట నువ్వు అబద్ధం రాశావనుకున్నాను. లైసెన్సు కోసం చచ్చినవాడి చెయ్యి కూడా దోచుకుంటోంది అనుకున్నాను. ఆ మాట ఫాదర్ గారితో కూడా అన్నాను, నన్ను క్షమించు. భోజనాల దగ్గర మీ అన్నయ్యని అడిగాను. ఆయన పులుసులో రొట్టె ముంచుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

"ఆ గోడ ఎవరు వేశారు?"

"ఏ గోడ?"

"నీకు తెలుసు ఏ గోడో."

"ఆవిడే."

"ఆరేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"నువ్వంత మురిసిపోతుంటే ఏం చెప్పమంటావే? మీ తమ్ముడికి మాటిచ్చాను. పైగా నేను చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. పళ్ళెం ఆయన ముందునుంచి లాగేసి కుక్కకి పెట్టాను. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, గుమ్మం దగ్గర ఆగి, "పైపులన్నీ మాత్రం వాడివే. ఒక్క చుక్క కారలేదు ఇన్నేళ్ళలో" అన్నాడు. మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు, పెళ్ళినాడు కూడా అంత పొడుగు మాట అనలేదు.

మర్నాడు వెళ్ళి గోడకేసి చూడకుండా కుళాయి తిప్పి నిలబడ్డాను. నా చెవికి వినబడలేదు గానీ పైపు మీద చెయ్యి వేస్తే నీళ్ళు పోవడం తెలిసింది. అక్కడ కొంచెం మాట్లాడాను వాడితో. నన్ను ఇన్నేళ్ళు వెర్రిదాన్ని చేసినందుకు తిట్టాను కూడా.

నోటరీ దగ్గర సంతకం పెట్టి ఆ లైసెన్సు ఆఫీసుకి పంపేశాను. నా ఇంట్లో నాలుగు గోడలూ నా మరదలు ఒడీలియా ఫుర్తాదో తన చేత్తో వేసిందని, మూలలు చూడాలంటే ఎవరైనా రావచ్చని, కాఫీ కూడా ఇస్తానని రాశాను. చివరి ముక్క నోటరీ తీసెయ్యమంది. తీయలేదు.

నీమీద కోపం ఉంది. ఎప్పుడు పోతుందో తెలియదు. టైల్ చల్లగా ఉందని రాశావు చూడు, అది చదివి మాత్రం నీ బదులు కూడా నేనే ఏడ్చాను.

మీ వదిన

హొరాసియో నీకు ఆ కోటు పంపుతున్నాడు. హీటరు లేని వ్యానులో పనికొస్తుందని వాడే అన్నాడు.


ఫాల్ రివర్,
మే 14

వదినా,

దీవించండి. కోటు వచ్చేసరికి ఎండలు వచ్చేశాయి, అయినా వేసుకుని చూశాను. చేతులు పొడుగు. హొరాసియోకి ముద్దులు.

పరీక్ష పాసయ్యాను. లైసెన్సు కార్డు పోస్టులో వచ్చింది, నా ఫొటోతో. ఫొటోలో ఎవరో దొంగని పట్టుకుని గోడకి నిలబెట్టినట్టున్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చి కిటికీ మీది కాగితం చింపి, నా పేరుతో కొత్త కాగితం అంటించాడు. నేను ఇదాలినా గారి ముందు వాకిట్లోంచి, పట్టపగలు, తాపీ చేతపట్టుకుని లోపలికి వెళ్ళాను. వీధిలో వాళ్ళు కర్టెన్లు పక్కకి తీసి చూశారు. ఇదాలినా గారు కుర్చీ వేసుకుని పని అయ్యేదాకా నా వెనకే కూర్చున్నారు. ఎవరైనా చూస్తుండగా పని చెయ్యడం నాకు అలవాటు లేదు, మొదటి వరుస ఊడదీసి మళ్ళీ వేశాను.

ఇవాళ ముగించాను. రేపు కిరీటం వస్తుంది. సందులు పూడ్చి, గోడ తుడిచి, పక్కకి జరిగి నిలబడ్డాను. ఇదాలినా గారు కళ్ళజోడు పెట్టుకుని ఈ మూలనుంచి ఆ మూలకి చూశారు. వేలితో తడిమారు. తర్వాత నా భుజం తట్టి అన్నారు.

"బాగానే ఉందమ్మా. ఉన్నంతలో బాగా చేశావు, కష్టపడ్డావు. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. నార్బెర్టో చెయ్యి వేరు. మా చెల్లెలింట్లో ఆయన వేసిన గోడ చూశావా? అద్దమే! అలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదు."

వాళ్ళ చెల్లెలింటి గోడ నాకెందుకు గుర్తుండదు? ఒళ్ళు కాలే జ్వరంతో నేనే వేశాను దాన్ని.

"అవునండీ, ఆయన చెయ్యి వేరు" అన్నాను.

అనగానే లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి పట్టుకుని, బకెట్టు తెస్తానని చెప్పి, గబగబా మెట్లు దిగాను. ఈ మాట వింటే కడుపు పట్టుకుని దొర్లే మనిషి ఒక్కడున్నాడు, వెంటనే చెప్పేయాలని వ్యాను తలుపు లాగి ఎక్కాను. నోరు కూడా తెరిచాను. పక్క సీటు వైపు తిరిగాక తెలిసింది.

అప్పుడు ఏడ్చాను వదినా. జనవరినుంచి ఆగినదంతా వచ్చింది. వీధి చివర పిల్లలు ఆట ఆపి చూశారు. ఎంతసేపో తెలియదు. ఇదాలినా గారు వాకిట్లోకి వచ్చి, తన మాటకే నొచ్చుకున్నాననుకుని, "అయ్యో, నేను నీది బాలేదనలేదమ్మా!" అని ఒకటే ఇదైపోయారు. అది విని మళ్ళీ నవ్వొచ్చింది, ఏడుపులోనే.

ఒళ్ళంతా నొప్పిగా ఉంది ఇప్పుడు. వేళ్ళు పగిలాయి, మంటపెడుతున్నాయి. ఆయన లేరు వదినా.

ఈ సంగతి తెలిసినవాళ్ళలో ఇక మీరు, అన్నయ్యే మిగిలారు. అందుకని ఇంటికి రాగానే మీకు రాస్తున్నాను. అన్నయ్యకి కూడా గట్టిగా చదివి వినిపించండి. ఇద్దరూ కాస్త నవ్వండి.

మీ మరదలు
ఒడీలియా